మీటర్ చవకే, స్ట్రిప్పులతోనే తంటా

నాన్నకి షుగర్ అని తేలాక ఇంట్లోనే చూసుకోవచ్చని గ్లూకోమీటర్ కొని 8 నెలలైంది. కంపెనీ పేరు రాయడం లేదు.

మీటర్ వరకూ వంక పెట్టేదేం లేదు. అంకెలు పెద్దవి, నాన్న కళ్ళజోడు లేకుండానే చదువుకుంటారు, మీటర్‌లో దూర్చే స్ట్రిప్ (ఒక్కసారికే పనికొచ్చే చిన్న పట్టీ) మీద చిన్న రక్తపు బొట్టు పెడితే 5 సెకన్లలో రీడింగ్ వచ్చేస్తుంది. వేలి కొసన కాకుండా పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువ, ఆ సంగతి డబ్బాలోని కాగితం మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, అది మా కంట పడేసరికి నెల గడిచింది.

ఒకరోజు పొద్దున్నే పరగడుపున 243 చూపించింది. ఇంటిల్లిపాదికీ టెన్షన్. తీరా చూస్తే నాన్న అప్పుడే పండు కోసి, అదే చేత్తో గుచ్చుకున్నారు. సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని మళ్ళీ చూస్తే 128! రెండుసార్లు చూస్తే పదో పన్నెండో తేడా రావడం మాత్రం మామూలే. 2013 నాటి ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం 100, ఆపైన ఉన్న రీడింగ్ ల్యాబ్ లెక్కకి 15 శాతం అటూ ఇటూ ఉన్నా ఒప్పుకుంటారు. మూడు నెలల సగటు తెలియాలంటే ఎలాగూ హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చేయించుకోవాల్సిందే.

అసలు బాధ స్ట్రిప్పులతో. వేరే కంపెనీవి ఇందులో పనిచేయవు. రోజుకి రెండుసార్లు చూస్తే 50 స్ట్రిప్పుల సీసా 25 రోజుల్లో ఖాళీ, రక్తం చాలక ఎర్రర్ వస్తే ఆ స్ట్రిప్ పోయినట్టే, పోనీ పొదుపుగా వాడదామంటే మూత తీసిన 3 నెలల్లో వాడేయాలట. మీటర్‌కి పెట్టిన డబ్బు రెండో నెలకే స్ట్రిప్పులకి దాటిపోయింది. 2024లో ప్రపంచంలో 58.9 కోట్ల మంది పెద్దవాళ్ళకి షుగర్ ఉందనీ, దాని వైద్యానికి ఆ ఒక్క ఏడాదే లక్ష కోట్ల డాలర్లు దాటిందనీ అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య లెక్క. చదివినప్పుడు నాకు మా బల్ల మీది సీసానే గుర్తొచ్చింది. మందులు, డాక్టర్ ఫీజు, కంటి పరీక్ష, అన్నీ అయ్యాక ఇది. ఈ మధ్య నాన్న "ఒంట్లో బాగానే ఉందిలేరా" అంటూ రోజు విడిచి రోజు చూసుకుంటున్నారు, ఎందుకో నాకు తెలుసు.

మీటర్‌కి 4 స్టార్లు, స్ట్రిప్పులకి 1. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి స్ట్రిప్పుల ధర భరించలేకపోతున్నామంటే, ఇంకో మీటర్ ఉచితంగా పంపిస్తామన్నారు.