కొత్త డ్రైవ్‌పై విండోస్ 11: ఇన్‌స్టాలర్ పనితీరుపై సమీక్ష

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నా పాత ప్రాసెసర్‌కు విండోస్ 11 అర్హత లేకపోవడంతో మదర్‌బోర్డుతో సహా మార్చి, వాటితోపాటు 1 టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్ (మదర్‌బోర్డుకు నేరుగా తగిలించే వేగవంతమైన ఎస్ఎస్‌డీ) ఒకటి తీసుకున్నాను. కేబుల్‌తో తగిలించే నా పాత సాటా ఎస్ఎస్‌డీలో ఉన్నదంతా ఉన్నట్టుగా క్లోన్ చేసుకునే మార్గం లేకపోలేదు. కానీ ఏళ్ల తరబడి పేరుకుపోయిన డ్రైవర్లను, ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాముల అవశేషాలను వెంట తెచ్చుకోవడమంటే పాత ఇంటి బూజును కొత్త ఇంటికి మోసుకుపోవడమేనని అనిపించి, మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని మొదటి నుంచీ ఇన్‌స్టాల్ చేశాను.

పెన్‌డ్రైవ్ తయారీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కనీసం 8 జీబీ ఉన్నది కావాలి, అందులో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది. కంప్యూటర్ దేని నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూలో ఆ పెన్‌డ్రైవ్ రెండు పేర్లతో కనిపిస్తే, యూఈఎఫ్‌ఐ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే కొత్త తరహా పద్ధతి) అని ముందు రాసి ఉన్నదాన్నే ఎంచుకోవాలి.

అసలు పరీక్ష డ్రైవ్‌ను ఎంచుకునే తెర దగ్గర మొదలవుతుంది. అక్కడ డ్రైవ్‌ల పేర్లకు బదులు డిస్క్ 0, డిస్క్ 1 అనే అంకెలు, వాటి పరిమాణాలు మాత్రమే కనిపిస్తాయి. 1 టీబీ అని కొన్న డ్రైవ్ 931 జీబీగా కనిపించినా కంగారు పడనక్కర్లేదు. తయారీదారులు వెయ్యితో లెక్కవేస్తారు, విండోస్ 1024తో లెక్కవేస్తుంది, తేడా అంతే. ఖాళీగా ఉన్న ఆ 931 జీబీని చూసి, అదే కొత్త డ్రైవ్ అని గుర్తించి, నెక్స్ట్ నొక్కాను. ఇన్‌స్టాలేషన్ ఏ ఆటంకమూ లేకుండా పూర్తయింది. వారం తర్వాత పాత డ్రైవ్‌ను ఊడదీసి కంప్యూటర్ ఆన్ చేస్తే, బూట్ అయ్యే పరికరమే లేదన్న సందేశం వచ్చింది.

తప్పు నాదే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డ్రైవ్ కేబుల్ తీయకుండా ఉంచాను. ఏదో ఒక డ్రైవ్‌లో అప్పటికే ఈఎఫ్‌ఐ విభాగం (బూట్ ఫైళ్లు ఉండే చిన్న భాగం) ఉంటే, ఇన్‌స్టాలర్ కొత్తది సృష్టించకుండా దాన్నే వాడుకోవచ్చు. నా విషయంలో విండోస్ కొత్త డ్రైవ్‌లో కుదురుకుంది, దాన్ని లేపే బూట్ ఫైళ్లు మాత్రం పాత డ్రైవ్‌లో చేరాయి. బూట్ ఫైళ్లను తిరిగి రాసే బీసీడీబూట్ ఆదేశంతో దీన్ని సరిచేయవచ్చు గానీ, ముందు ఈఎఫ్‌ఐ విభాగానికి చోటు చేయాల్సి ఉంటుంది కాబట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే నయమనుకున్నాను. రెండోసారి కొత్త డ్రైవ్‌ను మాత్రమే తగిలించి ఉంచి, అందులోని విభాగాలన్నిటినీ తొలగించి, మిగిలిన ఖాళీ స్థలాన్ని ఎంచుకున్నాను. ఇన్‌స్టాలర్ తనంతట తానే 100 ఎంబీ సిస్టమ్ విభాగాన్ని, 16 ఎంబీ రిజర్వ్‌డ్ విభాగాన్ని, వాటి పక్కన అసలు సీ డ్రైవ్‌ను ఏర్పరచుకుంది. ఈ చిన్న జాగ్రత్త గురించి ఆ తెరపై ఒక్క వాక్యం ఉంటే ఐదుకు ఐదు మార్కులూ ఇచ్చేవాణ్ణి. లేదు కాబట్టి నాలుగు.

స్టోరేజి డ్రైవ్‌లను నియంత్రించే ఇంటెల్ వీఎండీ అమరిక ఆన్‌లో ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇదే తెరపై డ్రైవ్ అసలు కనిపించకపోవచ్చు. డ్రైవ్ చెడిపోయిందని అనుకోకుండా, తయారీదారు ఇచ్చే స్టోరేజి డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని లోడ్ డ్రైవర్ ద్వారా చూపించాలి. వైఫై డ్రైవర్‌నూ అక్కడే ఉంచుకోవడం మంచిది. ఆ తర్వాతి దశలో ఇన్‌స్టాలర్ ఇంటర్నెట్‌నూ, మైక్రోసాఫ్ట్ ఖాతానూ అడుగుతుంది, కొత్త మదర్‌బోర్డులోని వైఫై చిప్‌ను అది ప్రతిసారీ గుర్తిస్తుందన్న హామీ లేదు.

యాక్టివేషన్ విషయంలో నాకు ఇబ్బంది కలగలేదు, ఎందుకంటే నాది విడిగా కొన్న రిటైల్ లైసెన్సు, దాన్ని పాత కంప్యూటర్‌లో ఉండగానే నా ఖాతాకు జతచేశాను. ప్రోడక్ట్ కీ లేదని చెప్పి, ఇంతకుముందు వాడిన హోమ్ ఎడిషన్‌నే ఎంచుకుని, తర్వాత యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని తెలిపితే సరిపోయింది. కంప్యూటర్‌తోపాటు వచ్చే ఓఈఎం లైసెన్సుకు ఈ వెసులుబాటు ఉండదు, అది పాత మదర్‌బోర్డుతోనే పోతుంది.

విండోస్ 11 వెర్షన్ 24హెచ్2 నుంచి మరో మార్పు వచ్చింది. అనువైన కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే, డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే డ్రైవ్‌లోని సమాచారాన్ని చదవలేకుండా చేసే రక్షణ) దానంతట అదే ఆన్ అవుతుంది. భద్రత దృష్ట్యా మంచి నిర్ణయమే గానీ, రేపు బయాస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అమరికలు మార్చినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడిగితే చాలామంది తెల్లబోతారు. నేను ఆ కీని ఖాతాలో వెతికి, కాగితంపై రాసి దాచాకే, పాత డ్రైవ్‌ను తిరిగి తగిలించి, పత్రాలనూ ఫొటోలనూ నకలు చేసుకుని, దాన్ని ఫార్మాట్ చేశాను.