ఎమ్మెస్సీ కెమిస్ట్రీ తర్వాత: పీహెచ్‌డీయా, ఫార్మా కంపెనీయా? ఏది మేలు?

ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ముగించినవారి ముందు మన దగ్గర సాధారణంగా రెండు దారులు ఉంటాయి. జాతీయ అర్హత పరీక్ష నెట్ రాసి హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వంటి చోటనో, ఏదైనా విశ్వవిద్యాలయంలోనో పీహెచ్‌డీకి చేరడం ఒకటి. హైదరాబాద్ చుట్టుపక్కలనో, విశాఖ దగ్గర పరవాడలోనో ఉన్న ఫార్మా కంపెనీలో కెమిస్టుగా కుదరడం రెండవది. ఈ రెంటినీ జీతంతోనే తూచడం పరిపాటి. రియాక్షన్ విఫలమైన రోజున ఆ వైఫల్యం ఎవరిదవుతుంది అన్నది అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం.

డబ్బు సంగతి త్వరగా తేల్చవచ్చు. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (నెట్ ద్వారా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా (సీనియర్ ఫెలోగా) 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. కొత్తగా చేరిన కెమిస్టుకు చాలా కంపెనీలు ఇచ్చేది ఇంతకంటే తక్కువే. అయితే కంపెనీ జీతం నెల తిరిగేసరికి చేతికి వస్తుంది, ఫెలోషిప్ నెలల తరబడి ఆగిన సందర్భాలు తక్కువేమీ కావు. పైగా అది ఐదేళ్లకే పరిమితం, థీసిస్ మాత్రం ఆ గడువును పాటించకపోవచ్చు. ఇంటి అప్పు మోయవలసినవారు ఈ తేడాను తేలికగా తీసుకోకూడదు.

పీహెచ్‌డీలో రోజువారీ పని బయటివారు ఊహించేంత గొప్పగా ఉండదు. ఉదయం రియాక్షన్ పెట్టడం, గంటగంటకూ టీఎల్‌సీ (రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో తెలిపే పరీక్ష) చూడడం, సాయంత్రం పదార్థాలను వేరుచేసే కాలమ్ వేసి టెస్ట్ ట్యూబులు లెక్కపెట్టుకోవడం, అణువు నిర్మాణం చూపే ఎన్ఎంఆర్ యంత్రం కోసం వరుసలో నిలబడడం, చివరకు వచ్చిన స్పెక్ట్రమ్‌లో ఆశించిన పదార్థానికి బదులు మొదట వేసిన పదార్థమే కనిపించడం. ఆ వైఫల్యం పూర్తిగా విద్యార్థిదే. గైడ్ ఓదార్చినా దాని కారణం వెతకవలసినది అతడే. కానీ ఆ వెతుకులాటకు అనుమతి అక్కరలేదు. అనుకోకుండా ఏర్పడిన ఉపఉత్పత్తి వెంట ఆరు నెలలు తిరిగే స్వేచ్ఛ మరే ఉద్యోగంలోనూ దొరకదు, కొన్ని థీసిస్‌లు అలాంటి ఉపఉత్పత్తి మీదే నిలబడ్డాయి.

కంపెనీలో వైఫల్యం బృందానిది. ఒక మార్గం కుదరకపోతే సమావేశంలో దాన్ని ఆపేస్తారు, మరునాటికి ఇంకొకటి మొదలవుతుంది. ఎందుకు కుదరలేదన్న ప్రశ్న చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. అంతమాత్రాన అది సైన్సు కాదనడం అన్యాయం. వంద మిల్లీలీటర్ల ఫ్లాస్కులో చల్లగా సాగిన రియాక్షన్ వేల లీటర్ల రియాక్టర్‌లో వేడెక్కిపోతుంది, ఎందుకంటే పరిమాణం పెరిగినంతగా వేడిని బయటికి పంపే ఉపరితలం పెరగదు. మలినాల విషయం ఇంకా సూక్ష్మమైనది. 2018లో రక్తపోటు మందు వల్సార్టాన్‌లో క్యాన్సర్ కారకం కాగలదని భావించే ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడి అనేక దేశాలు ఆ మందును వెనక్కి రప్పించాయి. తయారీలో వాడిన ద్రావకం, సోడియం నైట్రైట్ కలిసి దాన్ని పుట్టించగలవని ముందే ఊహించవలసింది తయారీ పద్ధతిని రూపొందించే ప్రాసెస్ కెమిస్టులే. ఆడిట్లు, సంతకాలు, ప్రతి తూకాన్నీ నమోదు చేయవలసిన పుస్తకాలు విసుగు పుట్టించే మాట నిజమే, కాని వాటి వెనుక మందు మింగే మనిషి ఉన్నాడు.

ఈ రెండు లోకాలనూ చూసిన మనవాడు జీవరసాయన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు. సహ శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించినది హార్వర్డ్‌లో; అక్కడ శాశ్వత స్థానం దక్కని ఆయన 1940లో అమెరికా మందుల కంపెనీ లెడర్లీకి వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ, బోదకాలు నివారణకు మన జిల్లాల్లో ఇప్పటికీ పంచే డైఇథైల్ కార్బమజీన్ ఆయన నడిపిన కంపెనీ పరిశోధనలోంచే వచ్చాయి. విద్యాసంస్థ వదిలితే పరిశోధన ముగిసినట్టేనన్న మన పెద్దల నమ్మకానికి ఇంతకంటే సమాధానం అక్కరలేదు.

అయినా తూకం నన్ను అడిగితే, ఎమ్మెస్సీ ప్రాజెక్టులో చెడిపోయిన రియాక్షన్ గురించి ఇంటికెళ్లాక కూడా ఆలోచించినవారికి పీహెచ్‌డీయే మేలు. కంపెనీలో కొన్నేళ్లు గడిపాక తిరిగి రావడం కష్టం, జేఆర్ఎఫ్‌కు వయోపరిమితి ఉంది. మిగిలినవారికి కంపెనీ మేలు, అదీ ప్రాసెస్ ఆర్ అండ్ డీలో, అంటే తయారీ పద్ధతులపై పరిశోధన చేసే విభాగంలో, చోటు దొరికితేనే. రోజంతా ఒకే పరీక్షను మళ్లీ మళ్లీ చేసే విభాగంలో పడితే నేర్చుకున్న కెమిస్ట్రీ రెండేళ్లలో తుప్పు పడుతుంది. కనుక ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు విభాగం అడగాలి. పీహెచ్‌డీకైతే గైడ్‌ను కలిసే ముందు ఆయన ల్యాబ్‌లోని సీనియర్లను కలిసి, అంతకుముందు చేరినవారు ఎన్నేళ్లకు బయటపడ్డారో విచారించాలి.