చీరల ఫొటోలకు డి800, రాతి గుళ్లకు డి800ఇ

నికాన్ డి800, డి800ఇ రెండూ 2012లో వచ్చిన కెమెరాలు. రెండిటి సెన్సరూ 36.3 మెగాపిక్సెళ్లదే, బాడీ కూడా ఒకటే. తేడా అంతా సెన్సర్ ముందుండే యాంటీ ఏలియాసింగ్ ఫిల్టర్ దగ్గరే, అంటే మరీ సన్నటి గీతల్ని కాస్త మెత్తబరిచే అద్దం దగ్గరే. రెండిటినీ ఏళ్ల తరబడి వాడుతున్నాను. ఆ ఫిల్టర్ ఉంటే ఏం పోతుంది, లేకపోతే ఏం వస్తుంది అన్నది తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి జత దొరకదు. నా పనిలో ఎక్కువ భాగం చేనేత చీరల క్యాటలాగులు. తీరిక దొరికితే గుళ్లు, శిల్పాలు.

డి800ఇలో ఫిల్టర్ పీకేశారని చాలామంది అంటారు. నిజానికి పీకలేదు. డి800లో ఒక పొర వెలుగును రెండుగా చీలుస్తుంది, ఇంకో పొర ఆ రెండిటినీ నాలుగు చేస్తుంది. దాంతో మరీ సన్నటి గీతలు సెన్సర్‌ని చేరేలోపే కాస్త మెత్తబడతాయి. డి800ఇలో రెండో పొర ఆ చీలికను మళ్లీ కలిపేస్తుంది. అద్దం అక్కడే ఉంటుంది, దాని పని మాత్రం రద్దవుతుంది. ఈ వరస కెమెరాల్లో పూర్తిగా తీసేసింది 2014 నాటి డి810లోనే.

మరి షార్ప్‌నెస్? ట్రైపాడ్ మీద, మంచి 85 ఎంఎం లెన్స్‌తో, లెన్స్ కన్నం ఎఫ్5.6 దగ్గర పెట్టి తీస్తే తేడా కనిపిస్తుంది. లేపాక్షి స్తంభాల మీద ఉలి గరుకు, శిల్పాల నగల అంచులు డి800ఇలో ఒక పిసరు ఎక్కువ తేటగా వస్తాయి. ఎఫ్11 దాటితే కన్నం మరీ చిన్నదై వెలుగు చెదురుతుంది, ఆ డిఫ్రాక్షన్ ఈ లాభాన్ని తినేస్తుంది. చేత్తో పట్టుకుని 1/60 సెకను షట్టర్‌తో తీస్తే అసలు గుర్తుపట్టలేం. డి800 రా ఫైలుకి (కెమెరా మార్పులేమీ చేయకుండా ఇచ్చే ఫైలు) షార్పెనింగ్ కొంచెం పెంచి ఏ3 సైజులో ప్రింటు వేస్తే ఏది ఏ కెమెరాదో చెప్పడం నా వల్ల కాదు. ఈ కాస్త తేడాకి అప్పట్లో అమెరికాలో 300 డాలర్లు ఎక్కువ పెట్టారంటే నాకిప్పటికీ విడ్డూరమే.

అసలు కథ బట్ట దగ్గర మొదలవుతుంది. కెమెరాను నిలువుగా పట్టి మనిషి మొత్తం వచ్చేలా తీస్తే ఒక్కో పిక్సెల్ వాటాకి సుమారు పావు మిల్లీమీటరు బట్ట వస్తుంది. మంగళగిరి నూలు చీరలో పడుగు (నిలువు) పోగుల మధ్య దూరం కూడా ఇంచుమించు ఆ లెక్కలోనే ఉంటుంది. పోగుల వరస, పిక్సెళ్ల వరస పోటీపడి లేని చారలు పుడతాయి. దీన్నే మోయిరే అంటారు. లేత బూడిద రంగు చీర కుచ్చిళ్ల మీద గులాబీ, పచ్చ అలలు తేలతాయి. "ఏవండీ, మా చీరలో ఈ పచ్చ ఎక్కడిదండీ?" అని షాపు ఆయన అడిగితే నా దగ్గర జవాబు ఉంది కానీ అది ఆయనకు పనికొచ్చే జవాబు కాదు. చీర కొనేది రంగు చూసే కదా.

ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో మోయిరే బ్రష్ ఉంది. రంగు చారల్ని బాగానే తీస్తుంది, వెలుగునీడల చారల్ని మాత్రం అలాగే వదిలేస్తుంది. పోచంపల్లి చీరల మీద దాన్ని వాడాలంటే నాకు భయం. అక్కడ నూలుకి ముందే రంగులద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైను అంచులు సహజంగానే చెదిరినట్టుంటాయి. బ్రష్ ఆ అందాన్నీ తుడిచేస్తుంది. అందుకే డి800ఇతో చీర తీయాల్సి వస్తే డిఫ్రాక్షన్ పోగుల్ని కాస్త మెత్తబరిచేలా ఎఫ్16కి వెళ్తాను, లేదంటే ఒక అడుగు ముందుకో వెనక్కో జరుగుతాను. అలాంటప్పుడు ఫిల్టర్ పని రద్దు చేసిన కెమెరా ఎందుకసలు?

డి800లోనూ మోయిరే బొత్తిగా రాదని కాదు, అరుదుగా వస్తుంది, వచ్చినా పలచగా ఉంటుంది. వీడియోలో మాత్రం రెండూ దొందూ దొందే, ఎందుకంటే వీడియోకి సెన్సర్ కొన్ని వరసల్ని వదిలేసి చదువుతుంది. ఇంకో మాట, ఫొటోను స్క్రీన్ మీద చిన్నది చేసి చూసినప్పుడు కనిపించే చారలు చాలాసార్లు ఆ స్క్రీన్ పుట్టించినవే. 100 శాతం పెట్టి చూడకుండా కంగారు పడొద్దు.

కొత్తవాటిలో చూసుకుంటే నికాన్ జెడ్6లో ఫిల్టర్ ఉంది, 45.7 మెగాపిక్సెళ్ల జెడ్7లో లేదు. పెళ్లిళ్లు, బట్టలు తీసేవాళ్లకు నేను జెడ్6 వైపే మొగ్గు చూపుతాను. పిక్సెళ్లు పెరిగితే మోయిరే పోతుందంటారు. పోదు, అది కనిపించే దూరం మారుతుందంతే. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు బయట మెకానిక్ చేత ఫిల్టర్ తీయించిన బాడీల జోలికి మాత్రం వెళ్లొద్దు. అద్దం మందం మారితే ఫోకస్ తప్పే ప్రమాదం ఉంది. కొనే ముందు సన్న నేత చొక్కా ఒకటి పట్టుకెళ్లి, దూరం మార్చి మార్చి నాలుగు ఫొటోలు తీసి చూడండి.