కుక్క, పిల్లి ఉన్న ఫ్లాట్ అమ్మేటప్పుడు: వాటిని ఇంట్లోనే ఉంచాలా, బోర్డింగా, చెల్లి వాళ్ళింటికా?

కూకట్‌పల్లిలో మా ఫ్లాట్ అమ్మకానికి పెట్టిన మొదటి వారంలోనే బ్రోకర్ మొహమాటం లేకుండా చెప్పేశాడు, "సార్, తలుపు తీయగానే కుక్క వాసన కొడుతోంది" అని. మాకైతే ఏమీ రాదు, రోజూ అందులోనే ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది కదా.

మొదట ఏం మార్చకుండా ఇంట్లోనే ఉంచి చూపించాం, పైసా ఖర్చు లేదు. కానీ బ్రోకర్ "పది నిమిషాల్లో వస్తున్నాం" అని ఫోన్ చేస్తాడు, మా లాబ్రడార్ లియోగాడేమో ఎవరొచ్చినా తోకూపుకుంటూ మీదకెళ్తాడు. ఒకావిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని లిఫ్ట్ దగ్గరే ఆగిపోయింది, వాళ్ళాయన ఒక్కడే లోపలికొచ్చి చూసెళ్ళాడు. ఇల్లు నచ్చాల్సింది ఆవిడకి! అక్కడితో ఆ బేరం అయిపోయినట్టే.

బోర్డింగ్ వాళ్ళని, అంటే డబ్బు తీసుకుని కుక్కల్ని తమ దగ్గర ఉంచుకునేవాళ్ళని, అడిగితే రోజుకి 700 అన్నారు, నెలకి 21,000. ఫ్లాట్ నెలలో అమ్ముడుపోతుందని గ్యారంటీ ఎవరిస్తారు? రేబిస్, డీహెచ్‌పీపీ (డిస్టెంపర్, పార్వో లాంటి జబ్బులకి వేసేది) టీకాల పుస్తకం కావాలి, నలుగురి కుక్కల మధ్య ఉంటుంది కాబట్టి కెన్నెల్ కాఫ్ (కుక్కల మధ్య అంటుకునే దగ్గు) టీకా కూడా వేయించమన్నారు. పిల్లినైతే ఆ ఆలోచనే వద్దు, కొత్త చోట భయపడి తిండి మానేస్తాయి, రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే లివర్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

మాకు కుదిరింది మూడోది. శని, ఆదివారాలు పది నుంచి ఒంటిగంట దాకానే చూపిస్తామని బ్రోకర్‌కి గట్టిగా చెప్పేసి, ఆ టైమ్‌కి లియోని మియాపూర్‌లో మా చెల్లి వాళ్ళింట్లో దింపేవాణ్ణి. పిల్లిని చిన్న బెడ్‌రూమ్‌లో పెట్టి గడి వేద్దామనుకున్నాం గానీ మనవాళ్ళు వాస్తు చూడకుండా ఏ గదీ వదలరు, అందుకే బాస్కెట్‌లో పెట్టి పక్కింటి ఆంటీకి ఇచ్చేసేవాళ్ళం.

అయినా ఒక మాట, జంతువుని బయటికి పంపితే వాసన పోదు. నా డబ్బులైతే బోర్డింగ్ కంటే క్లీనింగ్ మీదే పెడతా. ఇక్కడ ఫినాయిలా, ఎంజైమ్ క్లీనరా అంటే కళ్ళు మూసుకుని ఎంజైమ్. పిల్లి మూత్రంలో యూరిక్ యాసిడ్ నీళ్ళకి సరిగ్గా కరగదు, తుడిచిన రోజు బాగానే ఉంటుంది, వానాకాలం గాలిలో తేమ పెరగ్గానే మళ్ళీ గుప్పుమంటుంది. ఎంజైమ్ క్లీనరైతే ఆ యాసిడ్‌నే విడగొట్టేస్తుంది. పైగా ఫినాయిల్ పిల్లులకి విషం. బ్లీచింగ్ పౌడర్ కూడా వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ప్రమాదకరమైన ఆవిర్లు వస్తాయి. యూట్యూబ్ చూసి వెనిగర్ పోద్దామనుకునేవాళ్ళు మార్బుల్ ఫ్లోర్ అయితే ఆగండి, మెరుపు పోయి మచ్చ పడుతుంది.

రాత్రి లైట్లన్నీ ఆర్పేసి యూవీ టార్చ్ వేసి చూశాం, బాల్కనీ తలుపు మూల, సోఫా కాలి పక్కన పచ్చగా మెరుస్తూ మచ్చలు కనపడ్డాయి, నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అక్కడ టైల్స్ మధ్య పాత గ్రౌట్ (సందుల్లో నింపే సిమెంటు) గీకించి తడి పీల్చని ఎపాక్సీ గ్రౌట్ వేయించాక గానీ వాసన పోలేదు. టేకు తలుపు మీద గోళ్ళ గీతలకి తలుపు మార్చక్కర్లేదు, పుట్టీ పెట్టి పాలిష్ కొట్టిస్తే చాలు.

మరి పెట్స్ ఉన్నాయని దాచాలా, చెప్పాలా? అడిగితే చెప్పేయడమే మేలు, ఎలాగూ వాచ్‌మన్ చెప్పేస్తాడు. మా ఫ్లాట్ కొన్నాయన అడిగిన మొదటి ప్రశ్నే "ఇక్కడ కుక్కల్ని ఉంచుకోనిస్తారా?" అని. యానిమల్ వెల్ఫేర్ బోర్డు 2015 గైడ్‌లైన్స్ ప్రకారం అసోసియేషన్ వాళ్ళు పెట్స్‌ని నిషేధించకూడదు, అయినా మా వాళ్ళు లిఫ్ట్ విషయంలో కాస్త సణుగుతారని ఉన్నదున్నట్టు చెప్పా. ఆయనకి ఒక బీగిల్ ఉందట, ఫోన్‌లో ఫోటోలు చూపిస్తూ ఇంకో అరగంట కూర్చున్నాడు.