లెడ్రా వీధికి అవతల ఒక రాత్రి

సైప్రస్ చూడటానికి వెళ్లేవాళ్లలో చాలామంది రాజధాని నికోసియాను రెండుగా చీల్చే గీత దాటి ఉత్తరాన రెండు గంటలు తిరిగి, కాఫీ తాగి వెనక్కొచ్చేస్తారు. మేమిద్దరం మూడు రాత్రులు దక్షిణాన, ఒక రాత్రి ఉత్తరాన ఉన్నాం. ఇప్పుడు ఆలోచిస్తే ఉత్తరాన ఇంకో రాత్రి ఉండాల్సింది.

ముందుగా ఒక జాగ్రత్త. టికెట్ చవకగా దొరికిందని ఉత్తరాన ఉన్న ఎర్కాన్ విమానాశ్రయంలో దిగొద్దు. దక్షిణాన ఉన్న సైప్రస్ ప్రభుత్వం దాన్ని అక్రమ ప్రవేశంగానే చూస్తుంది. మేము లార్నకాలో దిగి బస్సులో వచ్చాం.

దక్షిణాన మా హోటల్ పాత ఊరి కోటగోడ లోపలే ఉంది. గది ఇరుకే, శుభ్రానికి మాత్రం వంక పెట్టలేం. గుమ్మం దాటి నాలుగడుగులేస్తే లెడ్రా వీధి. బట్టల కొట్లు, ఐస్‌క్రీం దుకాణాలు చూసుకుంటూ నడుస్తుంటే వీధి మధ్యలో చెక్‌పోస్టు వచ్చేస్తుంది. ఇటు పోలీసు పాస్‌పోర్టు, వీసా చూశాడు. ఇసుక బస్తాలు, మూతపడ్డ ఇళ్లు ఉన్న చిన్న ముక్క దాటాక అటువాళ్లు పాస్‌పోర్టు స్కాన్ చేశారు, ముద్ర వేయలేదు. మొత్తం పది నిమిషాలు పట్టింది.

ఈ దారి తెరిచింది 2008 ఏప్రిల్ 3న. గ్రీకు, తుర్కీ సైప్రస్‌వాసుల మధ్య 1963 డిసెంబరు అల్లర్లలో ఒక బ్రిటిష్ సైన్యాధికారి పటం మీద ఆకుపచ్చ పెన్సిల్‌తో గీసిన గీత ఇది. 1974 జూలైలో గ్రీసు సైనిక పాలకుల అండతో ఇక్కడి ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర జరగడం, ఐదు రోజులకే తుర్కియే సైన్యం దిగడంతో ఆ గీత 180 కిలోమీటర్ల పొడవున ద్వీపాన్నే గ్రీకుల దక్షిణం, తుర్కుల ఉత్తరంగా చీల్చేసింది. 2003 ఏప్రిల్ 23 దాకా మామూలు మనుషులు దాటే వీలు దాదాపు లేదు.

ఉత్తరాన మేము దిగింది బుయుక్ హాన్ అనే పాత సత్రం దగ్గర, ఒక పెద్దావిడ నడిపే ఇంట్లో. వేణ్నీళ్లు రావడానికి పావుగంట పట్టింది, రాత్రి ఒకసారి కరెంటు పోయింది. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. పొద్దున్నే వేయించిన హెల్లిమ్ జున్ను, ఆలివ్‌లు, టమోటాలు, వేడి రొట్టె పెట్టింది. దక్షిణాన ఈ జున్నునే హలూమి అంటారు. శాకాహారులు ద్రాక్షాకు చుట్టలు తినేముందు లోపల మాంసం ఉందేమో అడగండి.

ఆవిడ తుర్కీ సైప్రస్‌వాసే అయినా పుట్టింది దక్షిణాన, పఫోస్ దగ్గరి పల్లెలో. 2003లో గీత దాటనివ్వగానే పుట్టిల్లు చూడటానికి వెళ్లిందట. అందులో ఉత్తరం నుంచి తరిమేస్తే వచ్చిన గ్రీకు కుటుంబం ఉంది. ఇద్దరూ ఏడ్చారట. ఆవిడకీ కూతురికీ సైప్రస్ పౌరసత్వం ఉంది. అల్లుడిది తుర్కియే కావడంతో మనవడి దరఖాస్తు ఏళ్ల తరబడి అలాగే పడి ఉంది. “వాడు ఈ ఊళ్లోనే పుట్టాడు” అని రెండుసార్లు అంది. నాకు బదులు తోచలేదు.

ఆవిడే చెప్పిన మరో సంగతి: 2016-17 చలికాలంలో దక్షిణం గడియారాన్ని గంట వెనక్కి తిప్పింది, తుర్కియేతో పాటు ఉత్తరం తిప్పలేదు. వీధి దాటితే గంట తేడా! మురుగునీటి వ్యవస్థ మాత్రం రెండు వైపులకీ ఒక్కటే. 1970ల చివర్లో ఇద్దరు మేయర్లు, లెల్లోస్ డెమెట్రియాడెస్, ముస్తఫా అకింజీ, మాట్లాడుకుని సాధించిన పని అది. ఆ ఇద్దరి మీద నాకు గౌరవం కలిగింది.

మనవాళ్లకూ ఇక్కడ బంధం ఉంది. ఐక్యరాజ్యసమితి శాంతి దళానికి సారథిగా ఉన్న జనరల్ తిమ్మయ్య 1965లో ఈ ద్వీపం మీదే కన్నుమూశారు. 1974లో నికోసియా విమానాశ్రయాన్ని సమితి రక్షణలోకి తెచ్చిన సేనాని కూడా భారతీయుడే, ప్రేమ్‌చంద్. ఆ విమానాశ్రయం అప్పటినుంచీ మూసే ఉంది.

గీత దాటగానే ఫోన్‌లో డేటా ఆపేయండి. దక్షిణాన కొన్న నా సిమ్ దానంతటదే తుర్కియే నెట్‌వర్క్ పట్టుకుంది, ఒక్క పూటకే బిల్లు మూడు పూటల భోజనమంత వచ్చింది. దక్షిణాన అద్దెకిచ్చే కార్ల బీమా అటు చెల్లదు, గీత దగ్గర వేరే కొనాలి. మేము బస్సుల్లోనే తిరిగాం.

బస్సెక్కి ఫమగూస్తా వెళ్లాం. మసీదుగా మారిన పాత సెయింట్ నికొలస్ పెద్ద చర్చి ముందు, ముసలి అత్తిచెట్టు నీడలో గంటసేపు కూర్చున్నాం. ఆ పాత ఊరికి దగ్గర్లోనే వరోషా. 1974లో గ్రీకు జనం కట్టుబట్టలతో పారిపోయిన పేట అది. 2020 అక్టోబరులో కొన్ని వీధులు సందర్శకులకు తెరిచారు, లోపల సైకిళ్లు అద్దెకిస్తున్నారు. ఆ పేటలో అక్కడి నివాసులు తప్ప వేరెవరూ స్థిరపడకూడదని భద్రతామండలి 1984లోనే తీర్మానించింది. ఆ ఇళ్లవాళ్లు ఇంకా బతికి ఉన్నారు, ద్వారం దగ్గర మాకు ముందు నిలబడ్డ ముసలాయన ఒకరు లోపల ఉన్న తమ బాల్కనీని వేలితో చూపిస్తున్నాడు. మేము లోపలికి వెళ్లలేదు. వచ్చిన బస్సులోనే తిరిగి నికోసియా చేరుకున్నాం.