గీత అడుగున, రంగు పైన: తిరుపతిలో ఒక కార్టూనిస్టు నడిపే ఆయిల్ పెయింటింగ్ తరగతి

తిరుపతిలో కపిలతీర్థం రోడ్డుకు దగ్గరగా, ఒక కార్టూనిస్టు తన ఇంటి మేడగదిలో ఆదివారాలు నడిపే ఈ తరగతి, అచ్చం ఫోటోలా ఉండే బొమ్మలు వేయాలనుకునేవారికి కాక, గీత మీద మమకారం ఉన్నవారికి తగినది. గురువుగారు ఏ కళాశాలలోనూ చదవలేదు. పత్రికలకు బొమ్మలు వేస్తూనే రంగుల పని సొంతంగా పట్టుబడేలా చేసుకున్నారు.

ఆయన నల్లగీతను రంగు మీద వేయరు, రంగు కింద నుంచి బయటికి తీస్తారు. గెస్సో (రంగు పట్టేందుకు ముందుగా వేసే తెల్లటి పూత) పూసిన కాన్వాసు మీద బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు, అల్ట్రామెరైన్ నీలం కలిపి, దాదాపు నల్లగా కనిపించే ఆ మిశ్రమాన్ని టర్పెంటైన్‌తో పలుచన చేసి పూయిస్తారు. అది పూర్తిగా ఆరిన తరువాత లేత రంగులను మందంగా పూయించి, అవి పచ్చిగా ఉండగానే బ్రష్షు వెనుక కొనతో బొమ్మ గీయమంటారు. గీసినచోట పైరంగు లేచిపోయి అడుగు నలుపు తేలుతుంది. ఐవరీ బ్లాక్ అనే నల్లరంగు నెమ్మదిగా ఆరుతుంది కనుక దానిని వాడనివ్వరు. అంబర్‌లోని మాంగనీసు నూనెను త్వరగా ఆరనిస్తుంది. పైపూతలో నూనె ఎక్కువ, అడుగుపూతలో తక్కువ ఉండడం వల్ల బొమ్మ పగుళ్లు తీసే ప్రమాదమూ తగ్గుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో ఇనుము, బెల్లం ఊరబెట్టిన నలుపుతో ముందు గీత గీసి, తరువాత రంగులు నింపుతారు. ఇక్కడ ఆ వరుస తలకిందులైంది.

గోడకున్న ఆయన చిత్రంలో గోవిందరాజస్వామి గోపురం ముందు నిలబడిన, గుండు చేయించుకున్నవారి వరుస ఒక్కటి చాలు, ఈ పద్ధతి బలం తెలియడానికి. ఒక్కొక్క గుండూ ఒక రంగు ముద్ద, ఒకే గీత; అయినా ఏ ఇద్దరి విసుగూ ఒకేలా ఉండదు.

రంగులు కలపడం గురించి మాత్రం పైపైన చెప్పి వదిలేస్తారు. అంతకన్నా పెద్ద లోపం, టర్పెంటైన్ వాసన నిండే ఆ గదికి ఒకే కిటికీ ఉండడం, నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయడం. ఆయిల్ రంగుల్లో ఉండే అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆరుతూ వేడిని పుట్టిస్తుంది కనుక, అలాంటి ముద్ద దానంతటదే అంటుకోగలదు; ఆ గుడ్డలు వేయడానికి నీళ్లు పోసిన మూత డబ్బా ఒకటి పెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు.

రుసుములో కాన్వాసు కలిసి ఉంటుంది, రంగులు మనమే కొనుక్కోవాలి. నవంబరు, డిసెంబరు వానల్లో పూతలు ఆరడం ఆలస్యమవుతుంది కనుక వేసవిలో చేరడం మేలు. మందంగా వేసిన చిత్రానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు వార్నిష్ పూయవద్దని చెబుతారు. ఆ గడువు గడిచాక తీసుకువెళితే, పూత ఆయనే ఉచితంగా వేసి ఇస్తారు.