బాగుచేసిన మా పాత రిజిస్ట్రేషన్ ఆఫీసు: వరండాలో కూర్చునే డాక్యుమెంట్ రైటర్ చెప్పేది

మా ఊళ్లో గడియార స్తంభం సెంటర్‌కి కూతవేటు దూరంలో ఉన్న పాత రిజిస్ట్రేషన్ ఆఫీసును బాగుచేసి మళ్లీ తెరిచి ఎనిమిది నెలలైంది. ఊరి పేరు, పని చేసిన కాంట్రాక్టర్ పేరు రాయడం లేదు. ఎవరినో ఇబ్బంది పెట్టాలని కాదు నా ఉద్దేశం. ఇలాంటి ఆఫీసు మీ ఊళ్లోనూ ఉంటుంది, ఇవాళో రేపో దానికీ ఈ పని మొదలవుతుంది. అందుకని చూసింది చూసినట్టు చెబుతున్నాను.

నేను 1996 నుంచి ఈ వరండాలోనే దస్తావేజులు రాస్తున్నాను. ఈ బిల్డింగు ఎక్కడ కురుస్తుందో, ఏ కిటికీ దగ్గర మధ్యాహ్నం ఎండ పడదో నాకు మా ఇంటికన్నా బాగా తెలుసు. తెల్లవాళ్ల కాలంలో, మేం మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్నప్పుడు కట్టింది. చుట్టూ గుండ్రటి స్తంభాల వరండా, మధ్యలో పెద్ద హాలు, వెనక రికార్డు రూము. గోడలు రెండడుగుల మందం. పైకప్పు మద్రాసు టెర్రస్. అంటే టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని అంచున నిలబెట్టి, ఐమూలగా సున్నంతో పేర్చి, ఆ పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన కాంక్రీటు పోసి, రోజుల తరబడి చెక్కలతో కొట్టి గట్టిపరిచి, దాని మీద పెంకులు పరుస్తారు. మే నెలలో కూడా ఆ హాల్లో ఫ్యాను లేకుండా కూర్చునేవాళ్లం.

బాగుచేయక ముందు మాత్రం చూడలేకపోయేవాళ్లం. కప్పు మీద రావి మొక్కలు. ఒక దూలానికి చెదలు పట్టి, కింద ఇనప గొట్టం నిలబెట్టారు. ఎప్పుడో వెనక గోడకు సిమెంటు పూశారు, అది బుడగలు బుడగలుగా లేచి, తెల్లగా ఉప్పు పూసి, చేత్తో తడిమితే పొడి రాలేది. రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కార్డ్ పథకం కింద కంప్యూటర్లు రావడం మొదలైంది. ఆ తర్వాత మా దగ్గరా గోడలకు ఎవరికి తోచిన చోట వాళ్లు కన్నాలు పెట్టి వైర్లు లాగారు. ఒక వానాకాలం సాయంత్రం స్విచ్ బోర్డులోంచి పొగ వస్తే, గుమాస్తా ఒకాయన గోనె సంచి చుట్టుకున్న చేత్తో మెయిన్ ఆపాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లోపల ఉన్నది తాలూకా అంతటి భూముల చరిత్ర.

పడగొట్టి కొత్తది కడతారని మొదట అన్నారు. అలా చెయ్యకుండా ఉన్నదాన్నే నిలబెట్టినందుకు ముందుగా రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతున్నాను.

ఇక పని సంగతి. అన్నిట్లోకీ బాగా వచ్చింది సున్నం పని. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే రోజూ పక్కనే నిలబడి చూశాను. సిమెంటు పూతంతా గీకేసి, ఇటుకను నెలన్నర ఆరబెట్టారు. ఆవరణలో గుంట తవ్వి సున్నం నానబెట్టారు. ఇసుక కలిపి మిషన్ గానుగలో మెత్తగా ఆడించారు. కరక్కాయలు నలగ్గొట్టి ఒక డ్రమ్ములో, బెల్లం ఇంకో డ్రమ్ములో నానేశారు. ఆ పులిసిన వాసన సెంటర్ దాకా వచ్చేది. పెద్దమేస్త్రికి డెబ్భై దాటి ఉంటాయి. ఒకరోజు ఆయన చేతిలో సున్నం ముద్ద తీసుకుని తాపీ మీద వేసి, తాపీని తలకిందులు చేసి నాకు చూపించాడు. ముద్ద జారలేదు.

"ఇది గోడని ఊపిరి పీల్చుకోనిస్తుందండీ రైటర్ గారూ. సిమెంటు ముక్కు మూసేస్తది. లోపలి చెమ్మ ఎటు పోద్ది? ఉప్పుని వెంటేసుకుని పూతనే తన్నుకుని బయటికొస్తది" అన్నాడు.

అప్పటిదాకా వెనక గోడకి నాణ్యత లేని సిమెంటు వాడారనే అనుకునేవాణ్ణి. అసలు తప్పు నాణ్యతలో కాదు, పాత ఇటుక మీద సిమెంటు పూయడంలోనే ఉందని అప్పుడు అర్థమైంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది, దానికి టైం ఇవ్వాలి. వీళ్లు ఇచ్చారు. ఒక పూతకీ ఇంకో పూతకీ మధ్య రోజుల తరబడి ఆగారు, తడి గోనెలు కప్పారు. మొన్నటి వానలకి ఆ గోడ మీద అరచెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది, పొడిగా ఉంది. చేతికి ఏమీ అంటలేదు.

కప్పు పని కూడా మెచ్చుకోవాల్సిందే. చెదలు తిన్న దూలం తీసేసి, ఎక్కడో పడగొట్టిన పాత మిద్దె నుంచి తెచ్చిన టేకు దూలం ఎక్కించారు. పద్నాలుగు మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని, కరక్కాయ బెల్లం నీళ్లు చిలకరిస్తూ చెక్కలతో కప్పుని కొట్టారు. కింద రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆగి విన్నారు. వైరింగ్ మొత్తం మార్చి గొట్టాల్లో పెట్టారు.

ఇంత పని చేసి, ఆ టేకు దూలాల కింద తెల్లటి ఫాల్స్ సీలింగ్ ఎందుకు కొట్టారో నాకు అర్థం కాలేదు. హాల్లోకి అడుగుపెట్టి తలెత్తితే బ్యాంకు బ్రాంచిలా ఉంది. చూడ్డానికి బాగుందనేవాళ్లు ఉన్నారు, వాళ్ల ఇష్టం. నా బాధ వేరే. కప్పు కురిస్తే ముందు దూలం మీద మరక కనపడేది, వెంటనే ఎవరో ఒకరు చెప్పేవాళ్లు. ఇప్పుడా మరక ప్లాస్టర్ బోర్డు వెనక దాక్కుంటుంది. బోర్డు ఊడి పడేదాకా తెలియదు. హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్ చూశాను. 1935 నాటిది, బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. అక్కడ రాయిని రాయిలాగే కనపడనిచ్చారు. మా దూలాలు చేసిన పాపమేమిటి?

వరండాలో కడప బండలు తీసేసి పాలిష్ గ్రానైట్ వేశారు. ఆ బండలు తొంభై ఏళ్లు నడిచిన కాళ్లకి అరిగి నున్నబడ్డాయే గాని, తడిసినా జారేవి కావు. కొత్తది జారుతుంది. మొదటి వానకే సాక్షి సంతకానికి వచ్చిన రైతు ఒకాయన జారి పడి మోచెయ్యి కొట్టుకున్నాడు. తర్వాత నల్ల రబ్బరు మ్యాట్లు తెచ్చి పరిచారు.

ర్యాంపు దగ్గరికి వద్దాం. వరండా నేల మట్టం నుంచి ముప్ఫై అంగుళాల ఎత్తు. ఒక అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు వాలు ఉండాలన్నది లెక్క. అంటే ముప్ఫై అడుగుల ర్యాంపు కావాలి. హద్దులు కొలిచే టేపు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది కాబట్టి కొలిచాను. పదకొండడుగుల రెండంగుళాలు ఉంది. దాని మీద చక్రాల కుర్చీని ఇద్దరు మగవాళ్లు ముందుకు వంగి తోయాలి. దిగేటప్పుడు ఇంకా భయం. ముందు ఆవరణలో ఎల్ ఆకారంలో తిప్పితే ముప్ఫై అడుగులూ హాయిగా సరిపోయేవి, ఆ చోట ఇప్పుడు పూలకుండీలు పెట్టారు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మా ఆఫీసుకి వచ్చేవాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ. పొలం పిల్లలకి రాసిచ్చేది వాళ్లే, పంపకాల దస్తావేజుకి వేలిముద్ర వేయాల్సింది వాళ్లే. మంచం దిగలేనివాళ్ల ఇంటికి రిజిస్ట్రారే వెళ్లి రిజిస్టర్ చేసే వీలు 1908 నాటి చట్టంలోనే ఉంది, అది చాలామందికి తెలియదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కానీ నడవగలిగీ మెట్లు ఎక్కలేనివాళ్లు ఎందరో ఉన్నారు. పని జరిగినన్నాళ్లూ, అంటే పంతొమ్మిది నెలలు, ఆఫీసుని ఒక అద్దె బిల్డింగులో రెండో అంతస్తులో పెట్టారు. లిఫ్టు లేదు. ఎందరు పెద్దవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లామో లెక్కలేదు. పాత బిల్డింగుని బాగుచేయాలనుకునే ప్రతివాళ్లూ ముందు ఆలోచించాల్సింది ఇదే. ఆ మధ్యకాలంలో జనం ఎక్కడికి వెళ్లాలి? కింది అంతస్తు దొరికేదాకా పని మొదలుపెట్టకూడదు.

మొన్న సంక్రాంతి ముందు ఎనభై దాటిన మామ్మగారు ఒకావిడ మనవడితో వచ్చారు. ఆవిడ పెళ్లికి, 1957లో, వాళ్ల నాన్న పసుపు కుంకుమ కింద ఎకరం పది సెంట్లు రాసిచ్చారు. అసలు దస్తావేజు తుఫానులో పోయింది, నకలు కావాలి. 1983 తర్వాతి లావాదేవీలైతే కంప్యూటర్‌లో దొరుకుతాయి గాని, అంతకు ముందువి కావాలంటే పాత పుస్తకాలు తిప్పాల్సిందే. ఫీజు కట్టాం, ఇండెక్సులో పేరు దొరికింది. అటెండరు పుస్తకం మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. అప్పట్లో దస్తావేజునంతా ముత్యాల్లాంటి అక్షరాలతో చేత్తో ఎత్తి రాసేవాళ్లు. నేను చదువుతుంటే, ఆవిడ పేరు ముందు "చిరంజీవి సౌభాగ్యవతి" అన్న చోట ఆవిడ నన్ను ఆగమన్నారు.

"ఇంకోసారి చదువు బాబూ" అన్నారు.

చదివాను. ఆవిడ వేలు పెట్టి ఆ అక్షరాల్ని తాకబోయి, మళ్లీ వెనక్కి తీసుకున్నారు.

ఆ పేజీ అంచున ఆకుపచ్చ మచ్చలున్నాయి. కొత్త బూజు. నాకు గుండె గుభేలుమంది. ఆ వరుస పుస్తకాల్ని పాత రోజుల్లో నేనే చాలాసార్లు చూశాను. అంచులు పసుపు రంగుకి తిరిగాయి తప్ప బూజు ఎప్పుడూ లేదు.

లోపలికి వెళ్లి చూసే వీలు దొరికినప్పుడు సంగతి తెలిసింది. పాత రికార్డు రూముకి కప్పు కింద నాలుగు వైపులా గాలి గవాక్షాలుండేవి, రాత్రీ పగలూ గాలి ఆడేది. ఏసీ పెట్టడం కోసం వాటిని ఇటుకలతో మూసేశారు. ఏసీ సాయంత్రం ఆఫీసుతో పాటే ఆగిపోతుంది. రాత్రంతా గది ఉక్కతో ఉడుకుతుంది, పొద్దున మళ్లీ చల్లబడుతుంది, కాగితం ఆ చెమ్మని పీల్చుకుంటుంది. మేస్త్రి గోడ గురించి చెప్పిన మాటే పుస్తకానికీ వర్తిస్తుంది. కట్టినవాళ్లకి ఈ సంగతి తెలుసు కాబట్టే గవాక్షాలు పెట్టారు. నాలుగు గవాక్షాలు తెరిచి, పురుగు రాకుండా సన్నటి జాలీ కొట్టి, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెడితే సరిపోతుంది. ఇది రాతపూర్వకంగా ఇచ్చాను. కొత్తగా వచ్చిన రిజిస్ట్రార్ గారు పూర్తిగా చదివారు, ఆయనే స్వయంగా రూములోకి వచ్చి చూశారు. ఇంజనీర్లకి రాస్తానన్నారు.

రికార్డు రూములో మంచి పనీ ఒకటుంది, అది చెప్పకపోతే తప్పు. చెక్క బీరువాలు తీసి స్టీలు ర్యాకులు పెట్టారు, కింది అర నేలకి అడుగు ఎత్తున ఉంది, నీళ్లొచ్చినా పుస్తకం తడవదు. పొగ పసిగట్టే అలారం ఉంది, గుమ్మం పక్కనే మంటలార్పే సిలిండర్లు రెండున్నాయి. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయినప్పుడు రాష్ట్రమంతా చూసింది. అంతకు ముందు 2012 జనవరిలో చెన్నై చేపాక్‌లో, నవాబుల నాటి కలస్ మహల్ తగలబడింది. అదీ సర్కారు ఆఫీసులున్న బిల్డింగే, ఆర్పడానికి వెళ్లిన అధికారి ప్రాణమే పోయింది. తర్వాత దాన్ని సున్నంతోనే తిరిగి నిలబెట్టారు. గోడల్ని మళ్లీ కట్టుకోవచ్చు గాని 1957 నాటి పుస్తకాన్ని ఎవరు మళ్లీ రాస్తారు?

మిగతావి చిన్నవి. ఆడవాళ్ల టాయిలెట్ శుభ్రంగా ఉంది, నీళ్లొస్తున్నాయి. టోకెన్ పద్ధతి బాగుంది, తోపులాట లేదు. తాగునీళ్ల ఫిల్టరు నెల రోజులుగా పని చేయడం లేదు. వరండాలో బెంచీలు ఆరే పెట్టారు, పెళ్లిళ్ల సీజనుకి ముందు రద్దీ రోజుల్లో జనం మెట్ల మీద కూర్చుంటున్నారు.

నన్నడిగితే ఐదుకి మూడున్నర ఇస్తాను. గవాక్షాలు తెరిచిన రోజున నాలుగున్నర చేస్తాను, ర్యాంపు మార్చిన రోజున ఐదూ ఇస్తాను.

ఇక్కడికి పని మీద వచ్చేవాళ్లు మంచినీళ్ల సీసా తెచ్చుకోండి. పాత నకలు కావాలంటే పదకొండు లోపు రండి, పుస్తకాలు తీసే అటెండరు ఒక్కడే. చక్రాల కుర్చీలో పెద్దవాళ్లని తీసుకొస్తే ముందు ర్యాంపు ఎక్కించకండి. పడమటి సందులో వెనక గేటుంది, అటువైపు నేల ఎత్తుగా ఉండటం వల్ల గడప ఒక్క అంగుళమే. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, అడిగితే తీస్తాడు. ఆయన కనపడకపోతే వరండాలో మూడో స్తంభం దగ్గర నేనుంటాను, నాకు చెప్పండి.